కంచంలోంచి తీసేది ఒకటి, పెట్టాల్సినవి ఎన్నో

(మాంసాహారం మానదలచినవారి కోసం జరిగిన సమావేశంలో ఒక పోషకాహార నిపుణురాలి ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇక్కడ కూర్చున్నవాళ్లలో కొందరు ఇప్పటికే మాంసం మానేశారు. కొందరు మానాలనుకుంటూ ఎప్పటినుంచో వాయిదా వేస్తున్నారు. మానేసి, మళ్లీ మొదలుపెట్టి, ఇంకోసారి ప్రయత్నిద్దామని వచ్చినవాళ్లూ ఉన్నారు. ఎందుకు మానుతున్నారని నేను అడగను. జీవాల మీద జాలితో కావచ్చు, ఒంటికి మంచిదని కావచ్చు, భూమి మీద భారం తగ్గించాలని కావచ్చు. ఏ కారణమైనా నాకు గౌరవమే. నేను మాట్లాడేది ఆ నిర్ణయం తర్వాతి సంగతి. అంటే రేపు పొద్దున వంటగదిలోకి వెళ్లాక ఏం చేయాలన్నది.

నేను చూసినంతలో మళ్లీ మాంసానికి వెళ్లిపోయినవాళ్లలో చాలామందికి మనసు గట్టిది కాక కాదు. కంచంలోంచి మాంసం తీసేశారు గానీ ఆ చోట ఏమీ పెట్టలేదు. అన్నమో రొట్టెలో ఇంకాస్త పెరిగాయి, బంగాళాదుంప వేపుడు వచ్చింది, సాయంత్రం ఆకలేస్తే బిస్కెట్లు వచ్చాయి. కొన్నాళ్లకు నీరసం, తిన్న గంటకే మళ్లీ ఆకలి, జుట్టు ఊడడం. "శాకాహారం నా ఒంటికి పడదు" అనేశారు. పడకపోవడానికి వాళ్లు తిన్నది శాకాహారం కాదు, మాంసం లేని భోజనం. ఈ రెంటికీ ఉన్న తేడాయే ఇవాళ నేను చెప్పదలచుకున్నది.

ముందు ప్రొటీన్. అందరికీ దీని గురించే బెంగ. నిజానికి తేలిగ్గా తీరే బెంగ కూడా ఇదే.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజుకు ఒక కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ కలిసి ఇచ్చిన నివేదిక చెబుతుంది. 60 కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు. రోజు మొత్తంలో ఓ 75 గ్రాముల పప్పుదినుసులు (పచ్చివి తూచినప్పుడు), పావు కిలో ధాన్యం, ఒక పెద్ద గ్లాసు పాలు, గుప్పెడు వేరుశనగలో బాదంపప్పులో తింటే ఆ లెక్క సరిపోతుంది. మాంసంతో పోలిస్తే పప్పుల ప్రొటీన్ కాస్త తక్కువ జీర్ణమవుతుంది కాబట్టి ఇంకొంచెం ఎక్కువే పెట్టుకోండి. వయసు 65 దాటినవాళ్లు, బరువులెత్తి వ్యాయామం చేసేవాళ్లు మరీ గమనించుకోవాలి. సోయా చిక్కుడు ఇందులో అన్నిటికంటే ముందుంటుంది. ఎండు గింజల్లో బరువులో మూడో వంతుకు పైగా ప్రొటీనే.

ధాన్యాల్లో లైసీన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. పప్పుల్లో అది పుష్కలంగా ఉంటుంది, మెథియోనైన్ అనే ఇంకో అమైనో ఆమ్లం తక్కువ. ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. 1970లలో ఈ రెండూ ఒకే పూట, ఒకే కంచంలో కలవాలని గట్టిగా ప్రచారం జరిగింది. అంత పట్టింపు అక్కర్లేదని తర్వాత తేలింది. రోజు మొత్తంలో రెండూ తింటే శరీరమే సర్దుకుంటుంది. లెక్కలు చూసి బెదరకండి. ఒక్క నియమం మాత్రం పెట్టుకోండి. ఇంతకుముందు మాంసం ఉన్న పూటల్లో ఇప్పుడు పప్పో, చిక్కుళ్లో, సోయానో, పనీరో, గుడ్లు తినేవాళ్లయితే గుడ్డో తప్పకుండా ఉండాలి. కూరగాయ వాటి పక్కన ఉండాలి గానీ వాటి చోట కాదు. వంకాయ ఎంత బాగా వండినా ప్రొటీన్ లెక్కలో మాంసానికి బదులు కాదు.

పప్పులూ చిక్కుళ్లూ పెంచుతారు సరే. మూడో రోజుకల్లా కడుపు ఉబ్బరం మొదలవుతుంది. నలుగురిలో చెప్పుకోలేక చాలామంది నిశ్శబ్దంగా మానేసేది ఇక్కడే. కాబట్టి దీన్ని దాచకుండా మాట్లాడుకుందాం. చిక్కుళ్లలో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలుంటాయి. వాటిని విడగొట్టే ఎంజైమ్ మనిషి చిన్నపేగులో లేదు. అవి అలాగే పెద్దపేగుకు చేరితే అక్కడి బాక్టీరియా వాటిని పులియబెడుతుంది. గ్యాస్ అందువల్ల. అది జబ్బు కాదు, శాకాహారం పడట్లేదనడానికి గుర్తూ కాదు. గింజలు రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో మెత్తగా ఉడికించండి. నానిన నీళ్లతో పాటు ఆ చక్కెరలు కొంత పోతాయి. మొదటి వారంలో రోజుకు రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. పొట్టు తీసిన పప్పులు ముందు, పెద్ద గింజలు తర్వాత. పేగుల్లోని బాక్టీరియా మనం తినేదాన్ని బట్టి కొద్ది రోజుల్లోనే మారడం మొదలుపెడుతుంది. ఉబ్బరం కూడా కొన్ని వారాల్లో చాలామందికి తగ్గుతుంది. తిండిలో పీచు పెరిగింది కాబట్టి నీళ్లూ పెంచాలి, లేకపోతే మలబద్ధకం ఎదురొస్తుంది.

ఇక్కడే ఒక హెచ్చరిక, దయచేసి గుర్తుపెట్టుకోండి. రాజ్మా సరిగా ఉడకకుండా తినకూడదు. పచ్చి రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే లెక్టిన్, అంటే ఒక రకం విష ప్రొటీన్ ఉంటుంది. నాలుగైదు గింజలు తిన్నా కొద్ది గంటల్లో విపరీతమైన వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. కనీసం 10 నిమిషాలు తెర్లుతూ మరిగితేనే అది నశిస్తుంది. సన్నని వేడి మీద గంటలకొద్దీ ఉంచే విద్యుత్ కుక్కర్లు ఆ వేడికి చేరకపోవచ్చు. ముందు పొయ్యి మీద బాగా మరిగించి, ఆ తర్వాత దేంట్లోనైనా పెట్టుకోండి. ప్రెషర్ కుక్కర్‌లో వండేవాళ్లకు ఈ బాధ లేదు.

ఇక ఇనుము. మాంసంలోని ఇనుములో కొంత భాగం రక్తంలో ఉండే హీమ్ అనే రూపంలో ఉంటుంది, దాన్ని పేగు సులువుగా తీసుకుంటుంది. మొక్కల్లోని ఇనుము అలా కాదు, పక్కన ఏం తిన్నామన్న దాన్ని బట్టి లోపలికి వెళ్లేది మారిపోతుంది. అందుకే అమెరికా పోషకాహార ప్రమాణాల్లో శాకాహారులకు ఇనుము 1.8 రెట్లు కావాలని లెక్కగట్టారు. భోజనంలో నిమ్మరసం, టమాటా, జామ, నారింజ లాంటి విటమిన్ సి ఉన్నదేదైనా చేరితే ఇనుము పేగు తీసుకోగల రూపంలోకి మారుతుంది. అన్నం తిన్న వెంటనే తాగే టీ గానీ కాఫీ గానీ దీనికి సరిగ్గా విరుద్ధంగా పనిచేస్తుంది. అందులోని పాలీఫినాల్స్ ఇనుమును పట్టేసుకుంటాయి. మానేయమని కాదు, భోజనానికీ టీకీ మధ్య గంటో గంటన్నరో విరామం ఇవ్వండి. ఇంతకుముందు మాంసంలోని ఇనుము ఉండబట్టి ఈ అలవాటు నష్టం తెలియలేదు. ఇప్పుడు తెలుస్తుంది, ముఖ్యంగా నెలసరి వచ్చే స్త్రీలకు. గింజలు నానబెట్టడం, మొలకెత్తించడం, పిండి పులియబెట్టడం కూడా ఇనుముకీ జింకుకీ అడ్డుపడే ఫైటేట్లను తగ్గిస్తాయి. ఉబ్బరం కోసం చేసిన పనే ఇక్కడా పనికొస్తోంది చూడండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. విటమిన్ బి12. మిగతావన్నీ మరిచిపోయినా ఇది మరవకండి.

బి12ను ఏ మొక్కా తయారుచేయదు, ఏ జంతువూ తయారుచేయదు. కొన్ని సూక్ష్మజీవులు మాత్రమే చేస్తాయి. ఆవూ మేకా తమ కడుపులోని సూక్ష్మజీవుల నుంచి తెచ్చుకుంటే, మనం వాటి మాంసం నుంచో పాల నుంచో తెచ్చుకుంటున్నాం. దీని కథ తెలిస్తే ఎంత విలువైనదో అర్థమవుతుంది. ఒకప్పుడు పెర్నీషియస్ ఎనీమియా అనే రక్తహీనత వస్తే మనిషి దక్కేవాడు కాదు. 1926లో మైనాట్, మర్ఫీ అనే ఇద్దరు అమెరికా వైద్యులు రోగుల చేత రోజూ లివర్ తినిపించి బతికించారు. విపుల్ అనే మరో అమెరికా వైద్యుడితో కలిపి ఆ ఇద్దరికీ 1934లో నోబెల్ బహుమతి వచ్చింది. లివర్‌లో ప్రాణం నిలబెట్టిన ఆ పదార్థమేదో ఎర్రటి స్ఫటికాలుగా చేతికి చిక్కింది 1948లో. అదే బి12. దాని అణువు నిర్మాణాన్ని 1956 నాటికి తేల్చిన బ్రిటన్ శాస్త్రవేత్త డొరొతీ హాడ్జ్‌కిన్‌కు 1964లో నోబెల్ వచ్చింది. మనిషికి రోజూ కావాల్సింది రెండున్నర మైక్రోగ్రాములకు లోపే. కంటికి కనబడని పిసరు. అదీ అందకపోతే ఏమవుతుందో నా ముందు కూర్చున్న ఒక పెద్దాయనలో చూశాను.

ఆయన మాంసం మానేసి ఏళ్లయింది. పాలు అరగవని అవీ వదిలేశారు. రోజూ ఆకుకూరలు, పళ్లు, పప్పు. పైకి చూస్తే ఆదర్శమైన భోజనం. నడుస్తుంటే కాలి చెప్పు జారిపోయినా తెలియట్లేదని వచ్చారు. చొక్కా గుండీ వేలికి తగులుతున్నట్టే అనిపించట్లేదన్నారు. నాలుక చూపించమంటే ఎర్రగా, నున్నగా ఉంది, ఉండాల్సిన గరుకు లేదు. పాదాలు దగ్గరగా పెట్టి కళ్లు మూసుకోమనగానే పక్కకు తూలిపోయారు, వాళ్లబ్బాయి పట్టుకున్నాడు. విచిత్రమేమిటంటే హిమోగ్లోబిన్ దాదాపు సరిగానే ఉంది. ఆకుకూరల్లోని ఫోలేట్ అనే ఇంకో బి విటమిన్ రక్తహీనతను పైకి కనబడకుండా కప్పేసింది. లోపల నరాల పైపొర దెబ్బతింటూనే ఉంది. ఇంజెక్షన్లు మొదలయ్యాక తూలడం తగ్గింది. పాదాల మొద్దు మాత్రం పూర్తిగా పోలేదు. ఆలస్యమైతే నరాలు పూర్తిగా తిరిగి రావు, అందుకే ఇంత పట్టుబట్టి చెబుతున్నాను.

ఇది వెంటనే బయటపడదు. మన లివర్ బి12కు ధాన్యపు గాదె లాంటిది. పాత నిల్వ మీద ఏళ్ల తరబడి గడిచిపోతుంది. మొదటి సంవత్సరం ఏమీ కాదు, రెండోదీ కాకపోవచ్చు. "నేను మానేసి ఇన్నేళ్లయింది, నాకేమైంది?" అని ధైర్యంగా అనేవాళ్లు తినేది ఆ గాదెలోదే. పాలు, పెరుగు, గుడ్లు రోజూ తగినంత తీసుకునేవాళ్లకు బి12 వాటినుంచి అందుతుంది. పావు లీటరు పాలలో ఒక మైక్రోగ్రాముకు కాస్త పైన ఉంటుంది. కాఫీలో కలిపే రెండు చెంచాల పాలు లెక్కలోకి రావు. పాలు కూడా మానేసే వీగన్లయితే మాత్ర తప్పనిసరి. రోజూ కనీసం 10 మైక్రోగ్రాములు, లేదంటే వారానికి ఒకసారి 2000. ఈ రెండు అంకెల మధ్య తేడా చూసి కంగారు పడకండి. పేగు ఒక విడతలో కొద్దిగానే తీసుకుంటుంది, పెద్ద మోతాదులో నూటికి ఒక వంతు మాత్రమే లోపలికి వెళ్తుంది. ఈ మాత్రల్లోని బి12ను బాక్టీరియా చేతే తయారుచేయిస్తారు, కాబట్టి జీవహింస భయం అక్కర్లేదు. స్పిరులినాలో ఉందని ఎవరైనా చెబితే నమ్మకండి. అందులో ఉన్నది చాలావరకు మన శరీరానికి పనికిరాని నకలు రూపం. మధుమేహానికి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు, ఎసిడిటీ మాత్రలు ఏళ్లుగా మింగుతున్నవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఆ మందులు బి12 అందడాన్ని తగ్గిస్తాయి.

చేపలు మానేవాళ్లకు ఒమేగా-3 అనే కొవ్వుల గురించి ఒక మాట. అవిసె గింజలు, వాల్‌నట్లు తింటే అందులోని ఏఎల్ఏ అనే ఒమేగా-3ను శరీరం కొంత మేరకే చేపల్లో ఉండే డీహెచ్ఏ రూపంలోకి మార్చుకోగలదు. చేపకైనా ఆ డీహెచ్ఏ వచ్చేది సముద్రపు సూక్ష్మ శైవలాల నుంచే. వాటినుంచి నేరుగా తీసిన నూనె దొరుకుతోంది. అవిసె గింజలు పొడి చేసుకుని తినండి, గింజగా మింగితే అలాగే బయటికి పోతుంది. వాడే ఉప్పులో అయోడిన్ ఉందో లేదో ప్యాకెట్ మీద చూడండి.

రుచి సంగతి చెప్పకుండా ఈ ప్రసంగం పూర్తి కాదు. ఎంత శాస్త్రం చెప్పినా చివరికి నాలుక ఒప్పుకోవాలి. నాలుగో రోజు రాత్రి మనసు లాగేది మాంసం మీదికే అనుకుంటాం. కాస్త నిదానించి చూస్తే, లాగేవి రెండు. ఒకటి గ్లుటమేట్ ఇచ్చే నిండైన రుచి. 1908లో ఇకెడా అనే జపాన్ రసాయన శాస్త్రవేత్త దాన్ని వేరు చేసింది మాంసం నుంచి కాదు, సముద్రపు నాచు నుంచి. పండిన టమాటాలో, ఎండబెట్టిన పుట్టగొడుగుల్లో, పులియబెట్టిన సోయాలో అది దండిగా ఉంది. రెండోది వేడికి ఎర్రబడినప్పుడు వచ్చే కమ్మదనం. 1912లో మయార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వివరించిన చర్య అది. ప్రొటీనూ చక్కెరా ఉన్న ఏ పదార్థం మీదైనా జరుగుతుంది.

కాబట్టి పుట్టగొడుగులు వండేటప్పుడు బాణలి నిండా గుమ్మరించకండి. వెడల్పాటి పెనం బాగా కాలనివ్వండి, ముక్కలు ఒకదానికొకటి తగలకుండా పరచండి, ఉప్పు వేయకండి, కదపకండి. ముందు నీళ్లు వదులుతాయి, చిటపటలాడతాయి. ఆ నీళ్లు ఇగిరాక శబ్దం మారుతుంది, అడుగున ఎరుపు మొదలవుతుంది. అప్పుడు తిప్పండి, అప్పుడు ఉప్పు వేయండి. ఎక్కువ పోసి మూత పెడితే అవి ఉడుకుతాయి తప్ప వేగవు, సాగుతూ చప్పగా ఉంటాయి. "పుట్టగొడుగులు నాకు నచ్చవు" అనేవాళ్లలో చాలామంది తిన్నది అలా ఉడికినవి. పనీరూ, సోయా పాలతో చేసే టోఫూ అంతే. నీరు ఒత్తి తీసేసి, తడి తుడిచి, కాలిన పెనం మీద వేయాలి. మీ ఇంట్లో మాంసానికి వాడే మసాలా ఏదైతే ఉందో అదే దీనికీ వాడండి. మసాలాలు మొక్కల నుంచే వచ్చాయి, వాటిని వదులుకోవడం దేనికి? మాంసం రుచిలోనే తయారుచేసి అమ్మే నకిలీ మాంసాలు మొదటి నెలల్లో ఆసరాగా ఉంటే తప్పులేదు. కానీ చాలావాటిలో ఉప్పు ఎక్కువ. రోజువారీ భోజనం వాటి మీద కట్టుకోవద్దు.

ఆరోగ్యం కోసం మారుతున్నవాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పాలి. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ పరిశోధన విభాగం సాసేజ్, బేకన్ లాంటి నిల్వ మాంసాలను కేన్సర్ కారకాల మొదటి వర్గంలో, అంటే గట్టి ఆధారాలున్న వాటిలో చేర్చింది. రోజుకు 50 గ్రాములు తింటే పెద్దపేగు కేన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని లెక్క. బ్రిటన్‌లో దాదాపు 48,000 మందిని 18 ఏళ్ల పాటు గమనించి 2019లో వెలువరించిన అధ్యయనంలో శాకాహారులకు గుండెజబ్బు 22 శాతం తక్కువ. అదే అధ్యయనంలో పక్షవాతం 20 శాతం ఎక్కువ. ఆ తర్వాతి ఏడాది అదే బృందం చూసినప్పుడు వీగన్లలో తుంటి ఎముక విరగడం మాంసం తినేవాళ్ల కంటే రెండింతలకు పైన ఉంది. కాల్షియం, ప్రొటీన్ తక్కువ కావడం అందులో కొంత కారణం. నాకు ఇందులో భయపడాల్సింది కనబడలేదు, చేయాల్సిన పని కనబడింది. నువ్వులు, కాల్షియంతో గడ్డకట్టించిన టోఫూ, పాలు, పెరుగు, నడక, కాస్త బరువులెత్తే వ్యాయామం. శాకాహారం దానంతటదే రక్ష అన్న మాట మాత్రం నేను అనలేను.

ఒక్కసారిగా మానాలా, మెల్లగానా? మనిషిని బట్టి ఉంటుంది. పేగులకు మాత్రం మెల్లగానే సుఖం. వారంలో రెండు రోజులతో మొదలుపెట్టి, ఆ రెండు రోజుల్లో కడుపు నిండే వంటలు నాలుగు నేర్చుకున్నాక మూడో రోజు చేర్చండి. చేయి తిరిగిన వంటలు పది ఉన్నాయంటే ఇక వెనక్కి లాగేది తక్కువ. ఎక్కడో మొహమాటపడి ఒక ముక్క తిన్నారనుకోండి, దానితో వ్రతం చెడిందని మొత్తం వదిలేయకండి. తర్వాతి పూట మళ్లీ మామూలే. ఇంట్లో మిగతావాళ్లు తింటూ ఉంటే వాళ్లతో వాదన పెట్టుకోవద్దు. అందరూ తినే శాకాహారం వంటకం ఒకటి మీరే బాగా వండి బల్ల మీద పెట్టండి. అడక్కుండానే వడ్డించుకుంటారు. మానినవాళ్లు తినేవాళ్లను చిన్నచూపు చూడడం మొదలుపెడితే ఆ ఇంట్లో భోజనం ఎవరికీ వంటబట్టదు.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు సొంతంగా ప్రయోగాలు చేయకూడదు. తల్లికి బి12 లేకపోతే పాలల్లోనూ ఉండదు. బిడ్డకు గాదెలో నిల్వ తక్కువ కాబట్టి కొన్ని నెలల్లోనే ఎదుగుదల ఆగిపోవచ్చు, వచ్చిన నవ్వూ మెడ నిలపడమూ పోవచ్చు. వాళ్ల విషయంలో డాక్టరును సంప్రదించాకే ఏదైనా. పిల్లల పొట్ట చిన్నది, పీచు ఎక్కువైతే త్వరగా నిండిపోతుంది గానీ శక్తి అందదు. వాళ్లకు గింజల వెన్న, నూనె, నెయ్యి, పాలు కాస్త ధారాళంగా వేయాలి.

పెద్దవాళ్లు మారే ముందు ఒకసారి రక్తపరీక్ష చేయించుకోండి. హిమోగ్లోబిన్, ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెర్రిటిన్, బి12, విటమిన్ డి. హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి ఊరుకోవద్దు, ఎందుకో ఇందాక చెప్పాను. బి12 అటూ ఇటూ కాకుండా అంచున వస్తే లోపం ఉందో లేదో తేల్చడానికి తోడ్పడే మిథైల్‌మలోనిక్ యాసిడ్ పరీక్ష గురించి డాక్టర్‌ని అడగండి. ఏడాదికి మళ్లీ చేయించుకోండి. పాత కాగితం పారేయకుండా దాచండి, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే ఏది తగ్గుతోందో తెలుస్తుంది. ఇక మీ ప్రశ్నలు అడగండి.